మల్లేశ్ చేతులు చెప్పింది నిజం

ఒక ప్లగ్గు ఎంత బరువుంటుంది? అరచేతిలో ఇమిడిపోతుంది. ఇరవై ఏళ్లు దాటింది, నేను దాన్ని కింద పెట్టలేకపోతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల దగ్గర ఈ మాట ఎత్తాలని చాలాసార్లు అనుకున్నాను. ప్రతిసారీ టీ తాగి, వేరే ఏదో మాట్లాడి, లేచి వచ్చేశాను. ఇది పోలీసులదాకా వెళ్లే తప్పు కాదు. ఎవరి ప్రాణమూ పోలేదు. కంప్యూటర్లో ఆడిన ఒక కార్ల పందెం, అంతే. అంతే అయితే ఇన్నాళ్లు ఎందుకు దాచాను?

అప్పట్లో నేను ఉప్పుగూడలో, రైల్వే స్టేషన్‌కు వెళ్లే దారిలో ఉన్న ఒక వీడియో గేమ్స్ షాపులో పనిచేసేవాణ్ణి. మా నాన్న కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన ప్రభుత్వ గుమాస్తా. డిగ్రీ అయ్యాక నేను వరసగా ఉద్యోగ పరీక్షలు రాశాను, వరసగా తప్పాను. నాన్న నన్ను తిట్టడం కూడా మానేశారు. ఎదురుపడితే పేపరు అడ్డం పెట్టుకునేవారు. ఆ రోజుల్లో నన్ను ఆ షాపులోకి తీసుకెళ్లింది మల్లేశ్. కాలేజీలో నా పక్కన కూర్చున్నవాడు, అప్పటికే అక్కడ పనిచేస్తున్నాడు. "ఇంట్ల కూసుండి గోడలు జూసుడేంది భాయ్, నాతోని రా" అన్నాడు. ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే నేను ఏమయ్యేవాణ్ణో నిజంగా తెలియదు. అతనికి నేను రుణపడటం అక్కడ మొదలైంది. నేను చేసిన పని దాని తర్వాత జరిగింది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మీరు మరిచిపోవద్దు. నేను మరిచిపోలేకపోయాను.

షాపు యజమాని జహంగీర్ భాయ్ బార్కస్ బస్తీ మనిషి. ఆయన బావమరిది దుబాయ్ నుంచి వస్తూ ఒక స్టీరింగ్ తెచ్చాడు. అంతకుముందు మా దగ్గర ఉన్నవి మామూలు స్టీరింగులు. లోపల రబ్బరు ఉంటుంది, తిప్పి వదిలితే మధ్యకు వచ్చేస్తుంది. తెర మీద కారు రోడ్డు మీదున్నా, గడ్డిలో పడ్డా చేతికి ఒకేలా ఉంటుంది. దుబాయ్ స్టీరింగ్‌లో మోటారు ఉంది. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు దాన్ని. కారు గతుకులో పడితే చేతులు అదురుతాయి. మలుపులో మన చేతులకు ఎదురు లాగుతుంది. ముందు టైర్లు పట్టు తప్పితే హఠాత్తుగా తేలికైపోతుంది. వెనక టైర్లు జారితే తనంతట తానే రెండో వైపుకు తిరుగుతుంది.

మల్లేశ్ దానితో ప్రేమలో పడ్డాడు. అలా అనడమే సరైనది. పొద్దున షాపు తెరిచి, ఊడ్చి, గిరాకీ వచ్చేలోపల దాని ముందు కూర్చునేవాడు. నాకూ ఓపిగ్గా నేర్పాడు. నేను దాన్ని బిగించి పట్టుకుంటే నా మణికట్టు మీద తట్టేవాడు. "దాని గొంతు పిసుకుతున్నవా ఏంది? జర వదులు. అదెటు పోతె అటు పోనియ్యి, ఎన్కనే నీ చేతులు పోవాలె."

నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. అదంతా హంగు అనేవాణ్ణి. మోటారుతో కుస్తీ పడితే చేతులు నొప్పే గానీ కారు వేగం పెరగదు, రబ్బరు స్టీరింగే నిలకడగా ఉంటుంది అని నా వాదన. కారు జారుతున్నట్టు కంటికి కనబడే సరికి ఆలస్యమైపోతుంది, చేతికి ముందే తెలుస్తుంది అని అతని వాదన. షాపుకొచ్చే కుర్రాళ్లు కూడా రెండు పార్టీలయ్యారు. సరదాగా మొదలైన లొల్లి. జహంగీర్ భాయ్ మాదన్నపేటలో, కూరగాయల మార్కెట్ దగ్గర, కార్ల పందేల కోసమే రెండో షాపు పెడతాననేదాకా అది సరదాగానే ఉంది.

ఏ రకం స్టీరింగులు కొనాలి? మా ఇద్దరిలో ఎవర్ని అక్కడ ఇన్‌చార్జిగా పెట్టాలి? ఆయన రెండింటికీ కలిపి ఒకటే తీర్పు చెప్పాడు. "మీరిద్దరు మీ మీ స్టీరింగులతోని ఆడుండ్రి. జిస్కీ బాత్ సచ్ నిక్లీ, మాదన్నపేట్ ఉస్కా." ఎవరి మాట నిజమని తేలితే మాదన్నపేట వాడిది.

ఇన్‌చార్జి. ఆ మాట నాకు ఎంత కావలసి వచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. నాన్న ఆఫీసు మిత్రులు మీ అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగినప్పుడు ఆయన తడబడకుండా చెప్పగలిగే జవాబు అది. మల్లేశ్‌కు ఆ ఉద్యోగం అక్కర్లేదా? అతనికీ కావాలి. ఇంట్లో తల్లి, చదువుకుంటున్న చెల్లెలు, జీతం తెచ్చేవాడు అతనొక్కడే. నాకు అది తెలుసు. తెలిసే చేశాను.

ఇక్కడ మా షాపు పద్ధతి ఒకటి చెప్పాలి. కరెంటు పోతే కంప్యూటర్లు ఇన్వర్టర్ మీద నడిచేవి. దుబాయ్ స్టీరింగ్ మోటారుకు విడిగా వైరు, విడిగా ప్లగ్గు. అది కూడా ఇన్వర్టర్ మీద పడితే మొత్తం షాపే ఆగిపోయేది. అందుకని కరెంటు పోగానే ముందు ఆ ప్లగ్గు పీకెయ్యాలి, వచ్చాక మళ్లీ పెట్టాలి. ప్లగ్గు తీసినా స్టీరింగ్ గేమును నడుపుతుంది. కానీ చేతికి ఏమీ చెప్పదు, రబ్బరు బిగువు కూడా ఉండదు, గాలిలో చక్రం తిప్పినట్టే. ప్లగ్గుల బోర్డు కౌంటరు వెనక ఉండేది. దాన్ని ముట్టుకునే పని నాది. వేరే ఎవరూ ముట్టుకోకూడదని జహంగీర్ భాయ్ ఆజ్ఞ.

పందెం ఆదివారం మధ్యాహ్నం. షాపు కిక్కిరిసిపోయింది. జహంగీర్ భాయ్ వాన పడుతున్న ట్రాక్ ఎంచుకున్నాడు. మొదలుపెట్టబోతుంటే కరెంటు పోయింది. ప్లగ్గు పీకాను. అందరూ టీలు తెప్పించుకున్నారు. టీ అయ్యేలోపే కరెంటు వచ్చింది. నేను కౌంటరు వెనక్కి వెళ్లాను. ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాను. అవతలి నుంచి "చలో, షురూ కరో" అని కేక వినబడింది.

హడావుడిలో మరిచిపోయానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆ అబద్ధం ఎంత బాగా కుదిరిందంటే ఒక్కోసారి నేనే నమ్మేవాణ్ణి. కానీ మరిచిపోయినవాడికి ప్లగ్గు చేతిలో ఉన్న సంగతి ఎలా గుర్తుంటుంది? దాని పిన్నులు బోర్డు రంధ్రాలకు ఎదురుగా పెట్టి ఆగిన సంగతి ఎలా గుర్తుంటుంది? నేను ఆగాను. చూశాను. దాన్ని మెల్లగా, చప్పుడు కాకుండా నేల మీద పెట్టాను. వచ్చి మల్లేశ్ పక్కన, నా రబ్బరు స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

మొదటి మలుపులోనే అతను అన్నాడు.

"భాయ్, స్టీరింగ్ సచ్చిపోయింది. ప్లగ్గు పెట్టినవా?"

"పెట్టిన."

"జర సూడు భాయ్. చేతికేం తెలుస్తలేదు."

"బరాబర్ ఉన్నది. నేనే పెట్టిన. నువ్వు నడుపు."

వెనక నుంచి ఎవరో, "మల్లేశన్నా, సెలైన్ ఎక్కియ్యమంటవా స్టీరింగ్‌కు?" అన్నారు. షాపంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పందెం మధ్యలో లేచినవాడు ఓడినట్టే లెక్క. అతను లేవలేదు. జారాడు, గోడకు తగిలాడు, తిప్పుకున్నాడు, మళ్లీ జారాడు. నేను తీరిగ్గా గెలిచాను. మల్లేశ్ తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుని, మెల్లగా నాతో అన్నాడు: "నువ్వు పెట్టిన అంటే పెట్టినట్టే భాయ్. నా చేతులే ఖరాబైనయేమో."

నేను మోస్తున్నది అసలు ఈ మాట. అతని చేతులు అతనికి నిజం చెప్పాయి. నేను అబద్ధం చెప్పాను. అతను తన చేతులను కాదని నన్ను నమ్మాడు. మోసపోయినవాడు కోపగించుకుని ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదేమో. అందరూ టీ గ్లాసులు ఇచ్చేసి వెళ్లిపోయాక ప్లగ్గు పెట్టేశాను. సాయంత్రం ఎవరో ఆడి చూస్తే స్టీరింగ్ శుభ్రంగా పనిచేసింది. దాంతో మల్లేశ్‌కు మిగిలిన ఆ కాస్త సాకు కూడా పోయింది.

కుర్రాళ్లు అతనికి "సెలైన్" అని పేరు పెట్టారు. జహంగీర్ భాయ్ మాదన్నపేటకు అన్నీ రబ్బరు స్టీరింగులే కొన్నాడు. ఆ షాపు మొదలైన రోజు మల్లేశ్ వచ్చాడు. ఊరికే చూడటానికి కాదు. బల్లలకు స్టీరింగులు బిగించే పని నాకు సరిగ్గా రాదని అతనికి తెలుసు. పానా తెచ్చుకుని, బల్లల కింద దూరి, అన్నీ తనే బిగించాడు. జిలేబీ తిని, "మస్తుంది భాయ్, ఫికర్ చెయ్యకు" అని వెళ్లిపోయాడు. కొన్నాళ్లకే ఉప్పుగూడ షాపు మానేసి ఆఫీసు వ్యాన్లు నడపడానికి చేరాడు. ఆ తర్వాత గేముల షాపుల్లో అతన్ని ఎవరూ చూడలేదు.

ఒక మధ్యాహ్నం, పాత షాపులో గిరాకీ లేనప్పుడు, నేను రెండు స్టీరింగుల మీదా అదే వాన ట్రాక్ ఆడి చూశాను. నిజాయితీగా, చాలాసేపు ఆడాను. ఈ విషయంలో ఇప్పటికీ వాదించుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి తేలింది తేలినట్టు చెబుతాను. మోటారు స్టీరింగ్ వల్ల కారు అమాంతం వేగంగా పోదు. పొడి రోడ్డు మీద ఒక చుట్టుకు నాకు పట్టిన అతి తక్కువ సమయం రెండింటితోనూ దాదాపు ఒకటే. అలవాటు లేనివాణ్ణి మొదట్లో అది వెనక్కే లాగుతుంది. కానీ జారడం మొదలైన కారును మళ్లీ దారిలో పెట్టడానికి దాన్ని మించింది లేదు. రబ్బరుతో నేను గడ్డిలోకి పోయిన ప్రతిచోటా మోటారు నన్ను ముందే హెచ్చరించింది. అంటే నా మాటలోనూ కొంత నిజం ఉంది. పొడి ట్రాక్ అయి ఉంటే న్యాయంగానే గెలిచేవాణ్ణేమో. వానలో ఎవరు గెలిచేవాళ్లో నాకు తెలుసు. ప్లగ్గు నేల మీద పెట్టినప్పుడు కూడా తెలుసు.

మాదన్నపేట షాపుతోనే నా బతుకు నిలబడింది. నాన్న నాతో మళ్లీ మాట్లాడారు. పెళ్లయింది. తర్వాత కంప్యూటర్ల వ్యాపారంలోకి మారాను, సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. మా పాప ఇంకా ఒడిలో పిల్లగా ఉన్నప్పుడు, ఒక వానాకాలం సాయంత్రం శంషాబాద్ వైపు నుంచి వస్తున్నాం. లారీల చక్రాలు మోసుకొచ్చిన బురద రోడ్డు మీద పరుచుకుని ఉంది. మలుపులో కారు వెనక భాగం పక్కకు కొట్టుకుపోయింది. ఎదురుగా లారీ. నేను ఏమీ ఆలోచించలేదు. ఆలోచించే సమయం లేదు. స్టీరింగ్ చేతుల్లో తేలికైంది, తనంతట తను తిరిగింది. నా చేతులు దాని గొంతు పట్టుకోలేదు. దాన్ని పోనిచ్చి, దాని వెనకే వెళ్లాయి. కారు తిన్నగా అయింది. లారీ హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. మా ఆవిడ పాపను గుండెకు అదుముకుని, "ఎంత బాగా తిప్పారండీ" అంది.

నేను తిప్పలేదు. ఏ విద్యను నేను అందరి ముందూ బూటకమని నిరూపించానో ఆ విద్య తిప్పింది. దాన్ని నాకు నేర్పినవాడు అప్పుడు ఏ ఆఫీసు వ్యాను నడుపుతున్నాడో. ఆ రోజు నుంచి నాకు అతని మీద ఉన్న కృతజ్ఞత పెద్దదైంది, దాంతో పాటు ఈ తప్పు బరువూ పెద్దదైంది. రెండూ విడదీయడానికి రావడం లేదు. మా ఆవిడ వండి పెట్టిన అన్నం ముందు కూర్చున్నప్పుడు, పాప చెప్పులు గుమ్మం దగ్గర చిందరవందరగా పడి ఉన్నప్పుడు, ఎన్నోసార్లు మనసులో అతనికి దండం పెట్టుకున్నాను. దండం పెట్టుకోవడం సులువు. ఫోన్ చేయడం సులువు కాదు.

ఈ మధ్య మా అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకుంటోంది. "నీకెవరు నేర్పారు నాన్నా?" అని అడిగింది. మల్లేశ్ అన్నాను. మా ఇంట్లో ఆ పేరు నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. పేరు వచ్చాక మిగతాది ఆగలేదు. అంతా చెప్పాను. తను అంతా విని, "ఆయనకు చెప్పావా?" అంది. లేదన్నాను. "మరి నాకెందుకు చెప్తున్నావు?" అని లేచి లోపలికి వెళ్లింది.

అతనికి ఎందుకు చెప్పలేదు? కోపగించుకుంటాడని కాదు. "పోనీ తీయ్ భాయ్" అంటాడని భయం. అంత సులువుగా నేను బయటపడటం న్యాయం కాదనిపిస్తుంది. ఇది కూడా తప్పించుకునే మాటేనా? కావచ్చు. అయినా ఇన్నేళ్లలో ఈ కాస్త రాశాక మొదటిసారి నా భుజాల మీది బరువు కొంచెం దిగింది. దీనికి నేను అర్హుణ్ణా కాదా అన్నది వేరే సంగతి.

నా పేరు రాయలేదు. ఆ ధైర్యం ఇంకా రాలేదు. అతని పేరు మాత్రం మార్చలేదు. ఉప్పుగూడలో ఆ రోజుల్లో మా షాపుకు వచ్చి, ఆ ఆదివారం అక్కడ నిలబడి నవ్వినవాళ్లెవరైనా ఇది చదువుతూ ఉంటే వినండి. ఆ స్టీరింగ్‌లో నిజంగానే ప్రాణం లేదు. మల్లేశ్ అబద్ధం చెప్పలేదు. అతని చేతులకు ఏమీ కాలేదు.