చిన్నపొన్ను వేళ్లకు తెలిసిన పాళ్లు

గుడియాత్తంలో ఇరవై ఏళ్లు బీడీలు చుట్టిన చిన్నపొన్ను, వేలూరు దగ్గర మట్టిలో కలిసిపోయే సంచులు చేసే ఫ్యాక్టరీలో చేరింది. మొక్కజొన్న నుంచి తీసిన ఆ ప్లాస్టిక్ మడత పెడితే విరిగేది. ఇంజనీరు వినోద్‌కుమార్ అందులో, మట్టిలోనే కలిసే మరో మెత్తటి ప్లాస్టిక్‌ను రకరకాల పాళ్లలో కలిపి చూస్తున్నాడు.

ఒకరోజు చిన్నపొన్ను కొత్త సంచిని వేళ్లతో లాగి చూసింది.

“ఎండిన బీడీ ఆకు మాదిరి ఉండాది నాయనా. మెత్తంది ఇంకొంచెం ఎయ్యి.”

“సరే అక్కా,” అని అతను వేశాడు.

నాలుగోసారికి ఆమె తలూపింది. “ఇది చాలు. ఇంకా ఏస్తే బరువుకి సాగిపోతాది.”

యంత్రంతో కొలిస్తే ఆ పాళ్లే మేలని తేలింది. వినోద్‌కుమార్ ఆమెను పరీక్షల గదికి మార్చాడు. చదువు రాని మనిషికి అక్కడ కుర్చీ వేసినందుకు ఎవరూ నవ్వలేదు.