మాణిక్యం పట్టిన హంతకులు

గూడూరులో మాణిక్యం గొంతు తెలియనివాళ్ళు లేరు. గిలకలదిండి రేవులో పొద్దున్నే వేలంపాటలో కొన్న చేపల్ని ఐసు వేసిన తట్టలో సర్దుకుని, షేర్ ఆటోలో బందరు దాటి వచ్చి గూడూరు సెంటర్లో దిగేది. తట్ట దించకముందే ఒక కేక వేసేది. "మాగలో... కానాగంతలో... ఇంకా కొట్టుకుంటన్నాయమ్మో!" ఆ కేక కాలవ అవతలి వీధి దాకా వెళ్ళేది. అక్కడి ఆడవాళ్ళు పొయ్యి మీది మంట తగ్గించి గిన్నెలు పట్టుకుని బయల్దేరేవాళ్ళు. బేరంలో ఆమెను నెగ్గినవాళ్ళు లేరు. ఒక మాట అంటే నాలుగు మాటలు అప్పజెప్పేది, నాలుగో మాటకి అవతలివాళ్ళు నవ్వేసేవాళ్ళు.

మొగుడు వీరాంజనేయులు బోటు మీద వేటకి వెళ్ళేవాడు. కొడుకు బాలాజీ ఐసు ఫ్యాక్టరీ వ్యాను నడిపేవాడు. కోడలు భవితది అవనిగడ్డ, డిగ్రీ చదివింది. అత్తాకోడళ్ళ మధ్య పెద్ద గొడవలేమీ లేవు గాని, ఒక్క విషయంలో మాత్రం పడేది కాదు. ఆదివారం మధ్యాహ్నం భవిత టీవీ ముందు కూచుని 'పాత ఫైలు' అనే సీరియల్ చూసేది.

ఆ సీరియల్ చూసినవాళ్ళకి తెలుసు, ఏ వారం చూసినా ఒక్కటే. ఒక లేడీ ఆఫీసరు రికార్డు గదిలోకి వెళ్ళి ఒక ఫైలు తీసి దుమ్ము ఊదుతుంది. ఎప్పుడో ఏళ్ళ కిందట ఎవరో చంపబడ్డారు, ఎవరు చంపారో తేలలేదు. ముగ్గురి మీద అనుమానం. మొదటివాడు తాగుబోతు, వాడు ఎప్పుడూ చంపడు. రెండో మనిషి ఏడుస్తూ ఏదో దాస్తుంది, ఆవిడా చంపదు. మూడోవాడు తెల్లబట్టలు కట్టుకుని, వచ్చిన పోలీసులకి కాఫీ ఇచ్చి, చచ్చిపోయినవాళ్ళ మంచితనం చెప్పుకొస్తాడు. వాడే చంపుతాడు. ఆఖర్న పోయినవాళ్ళ ఫొటోకి దండ వేసి, వేణువు వాయించి, తల్లి కళ్ళు తుడుచుకుంటుంటే అయిపోతుంది.

"చచ్చినోళ్ళని మళ్ళీ మళ్ళీ చంపి చూపిత్తారు, నువ్వు మళ్ళీ మళ్ళీ చూత్తావు" అనేది మాణిక్యం. "ఆ టైముకి రెండు కేజీల రొయ్యలు వొలుచుకోవచ్చు."

భవిత సౌండు తగ్గించేది. కట్టేసేది మాత్రం కాదు.

ఒకనాడు గూడూరులో కానాగంతలు తూస్తూ తూస్తూ మాణిక్యం ఆగిపోయింది. చేతిలోంచి చేప జారింది. ధర చెబుదామని నోరు తెరిస్తే ఏదో వచ్చింది, అది మాట కాదు. ఎదురుగా గిన్నె పట్టుకుని నిలబడ్డ సత్యవతమ్మగారు, కాలవ అవతల రైతుల ఇంటావిడ, ఏళ్ళ తరబడి ఆమె దగ్గరే చేపలు కొనే మనిషి, గిన్నె పక్కన పడేసింది.

"మాణిక్యం! మూతి అలా పక్కకెళ్ళిందేంటే? ఇటు చూడు. చెయ్యెత్తు."

కుడి చెయ్యి లేవలేదు. సత్యవతమ్మగారు ఇంక ఎవరినీ అడగలేదు. పోయే ఆటోని ఆపి, మాణిక్యాన్ని ఎక్కించి, చేపల వాసనేస్తున్న ఆ తలని తన ఒళ్ళో పెట్టుకుని బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారంతా "మాట్లాడకు, ఊపిరి తీసుకో, అంతే" అంటూనే ఉంది. మాణిక్యానికి ఆ దారి సరిగ్గా గుర్తులేదు. ఆ ఒడి మాత్రం గుర్తుంది.

"వెంటనే తెచ్చారు కాబట్టి మనిషి దక్కింది" అన్నాడు డాక్టర్ జాన్సన్. "చెయ్యి వస్తుందమ్మా. మాట మాత్రం మెల్లిగా వస్తుంది. ఆమెతో మాట్లాడుతూ ఉండండి. ఆమెకి అన్నీ అర్థమవుతున్నాయి, చెప్పడానికి మాట దొరకట్లేదు, అంతే."

ఆ 'అంతే' ఎంతో ఇంటికి వచ్చాకగాని తెలియలేదు. ఉప్పు అడుగుదామంటే 'పడవ' వచ్చేది. మొగుణ్ణి పిలుద్దామంటే 'చెప్పులు' అని వచ్చేది. తప్పని తనకే వినపడేది, సరిచేద్దామంటే ఇంకో తప్పు వచ్చేది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు ఆమెకి చెవుడు కూడా వచ్చినట్టు ఎదుటే మాట్లాడుకునేవాళ్ళు. "ఎంత నోరు! ఎట్టాగైపోయిందో చూడండి." మాణిక్యం గోడవైపు తిరిగి పడుకునేది. మాట నేర్పే డాక్టరమ్మ బొమ్మల కార్డులు ఇచ్చి, ఇంట్లో రోజూ చూపించి చెప్పించమంది. ఆవు, బంతి, గొడుగు. మాణిక్యం వాటిని ఎడమచేత్తో మంచం కిందికి తోసేసింది. గొడుగు అంటే ఏంటో తెలియనిదాన్నా నేను? అని అడగాలనుకుంది. అడగడానికే మాట లేదు.

కోడలు ఆ మంచం పక్కనే పీట వేసుకుని అన్నం కలిపి పెట్టేది. పెడుతూ టీవీ చూసేది. మాణిక్యానికి లేచి వెళ్ళిపోయే వీల్లేదు కాబట్టి తనూ చూసేది. వార్తల్లో అందరూ ఒకేసారి అరిచేవాళ్ళు, తల తిరిగిపోయేది. సినిమాల్లో మనుషులు ఎక్కువ, ఎవరు ఎవరి కొడుకో పట్టుకునేలోపు పాట వచ్చేసేది. 'పాత ఫైలు' మాత్రం అలా కాదు. దుమ్ము ఊదాక ఏం వస్తుందో ఆమెకి తెలుసు. తాగుబోతు తర్వాత ఏడ్చే మనిషి వస్తుందని తెలుసు. ఒక మాట జారిపోయినా కథ జారిపోయేది కాదు. తెలిసిన మెట్లు దిగుతున్నట్టు, కాలు తడబడకుండా చివరిదాకా వెళ్ళగలిగేది. జబ్బు చేశాక ఆమె మొదటినుంచి చివరిదాకా అర్థం చేసుకున్నది అదొక్కటే. అందుకని ఆదివారం కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పే వీలూ లేదు.

ఒక ఆదివారం కథలో ఒక కాంపౌండరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి. లేడీ ఆఫీసరుకి కాఫీ అందించాడు. భవిత ముద్ద పట్టుకుని ఆగిపోయింది, ఎందుకంటే అత్తగారి ఎడమచెయ్యి పైకి లేచి టీవీవైపు చూపిస్తోంది.

"వీడు" అంది మాణిక్యం.

"ఏంటత్తయ్యా?"

"వీడు. వీడే."

పడవ కాదు, చెప్పులు కాదు. అనుకున్న మాటే అనుకున్న చోట వచ్చింది. కాసేపటికి ఆ కాంపౌండరు చేతికి బేడీలు పడ్డాయి. భవిత ఎంగిలి చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి, "అత్తయ్య పట్టేసింది! అత్తయ్య పట్టేసింది!" అని గుమ్మంలోకి వెళ్ళి అరిచింది. వలలు బాగుచేసుకుంటున్న పక్కింటి కాంతారావు, దొంగ దొరికాడేమో అనుకుని కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

ఆ తర్వాత భవిత ఒక పద్ధతి పెట్టింది. ఫోనులో పాత ఎపిసోడ్లన్నీ దొరుకుతాయి కాబట్టి రోజూ మధ్యాహ్నం ఒకటి పెట్టేది. మూడో మనిషి కాఫీ ఇవ్వగానే ఆపేసేది. "ఎవరత్తయ్యా?" అని అడిగేది. ఆ తర్వాత "ఎందుకు?" అనేది. 'ఎవరు' తేలికే, వేలు చూపించినా సరిపోతుంది. 'ఎందుకు' దగ్గరే కష్టం. మాణిక్యానికి నుదుట చెమట పట్టేది. "పొ... పొలం" అనేది. "అన్న... అన్నదమ్ములు." ఒకసారి "కుళ్ళు" అంది. అంత కచ్చితమైన మాట వచ్చినందుకు తనే నవ్వేసింది.

ఈ సంగతి వీధిలో తెలిసి జనం చేరడం మొదలైంది. కాంతారావు వల తెచ్చుకుని గుమ్మంలో కూచునేవాడు. ఎదురింటి రాజకుమారి ఎండుచేపల బుట్ట పక్కన పెట్టుకుని లోపలికి వచ్చేది. ఎవరి అభిప్రాయం వాళ్ళది.

"తాగుబోతోడే చంపాడు. ఈసారి ఖాయం" అనేవాడు కాంతారావు ప్రతిసారీ.

"ఎన్నిసార్లు ఓడిపోతావు బాబాయ్?" అనేది భవిత.

"ఎప్పుడో ఒకప్పుడు వాడు చంపకపోతాడా! ప్రతివారం వాడిని కొట్టి వదిలేత్తన్నారు, వాడికి మాత్రం కడుపు మండదా?"

రాజకుమారికి హంతకుడి మీద ధ్యాస లేదు. లేడీ ఆఫీసరు చీర వంక చూసి, అంత ఖరీదు చీర కట్టుకుని పాడుబడ్డ బావిలోకి ఎలా దిగుతుందని అడిగేది. వేట లేని రోజు వీరాంజనేయులు కూడా వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడేవాడు. "తిప్పి తిప్పి అదే తీత్తన్నారు కదే. దీంట్లో చూసేదేముంది?" అనేవాడు.

"నువ్వు... కూచో" అంది మాణిక్యం ఒకరోజు.

వీరాంజనేయులు కూచున్నాడు. భార్య తనమీద కసురుకుని ఎన్ని నెలలైందో! కండువాతో మొహం తుడుచుకుంటున్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

ఒక మధ్యాహ్నం సత్యవతమ్మగారు అడ్రసు కనుక్కుని, సంచిలో ములక్కాడలు పట్టుకుని వచ్చింది. వచ్చేసరికి ఇల్లంతా జనం. ఫోనులో ఎవరో బావిలో శవమై ఉన్నారు. "అయ్యో, జబ్బు మనిషికి ఈ చావులు చూపిస్తారేంటమ్మా?" అంది ఆవిడ భవితతో.

మాణిక్యం మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడింది. గూడూరులో ఎన్నివేలసార్లు పిలిచిన పేరు! అది గొంతులో ఎక్కడో ఉంది, బయటికి రావట్లేదు. భవిత అందించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"సత్య... సత్యవ... తమ్మ గారు" అంది. "కూచోండి." ఆవిడ మంచం మీద కూచున్నాక, "మీరు... నన్ను..." అని ఇంక రాక, తన తల మీద చెయ్యి పెట్టుకుని, ఆ చెయ్యి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"సరేలేవే, సరేలే" అంది సత్యవతమ్మగారు. ఆవిడకి కూడా మాట తడబడింది. ఆ పూట ఆవిడ కథ చివరిదాకా కూచుంది. హంతకుణ్ణి ముందే కనిపెట్టింది కూడా, కాని మాణిక్యం చెప్పేదాకా నోరు విప్పలేదు.

ఇంతలో ఒక చిక్కు వచ్చింది. చూసేవాళ్ళు 'ఒకటే కథ, ఒకటే కథ' అని ఫోనులో కింద కామెంట్లు పెట్టీపెట్టీ ఉన్నారు. ఛానెల్ వాళ్ళు విన్నారు. కొత్త ఎపిసోడ్లలో అంతా మార్చేశారు. దుమ్ము ఊదడం లేదు, కాఫీ లేదు. కథ ఒకసారి ఇప్పట్లో, ఒకసారి ఇరవయ్యేళ్ళ కిందట. ఆఖర్న చంపిందెవరో చెప్పకుండా వదిలేశారు. కింద కామెంట్లన్నీ మెచ్చుకోళ్ళే. 'ఇప్పుడు కదా అసలు మజా' అని ఒకరు. 'సూపర్, బుర్రకి పని పెట్టారు' అని ఇంకొకరు.

మాణిక్యం ఆ ఆదివారం వేలు ఎత్తి పట్టుకునే ఉంది, ఎవర్ని చూపించాలో తెలియలేదు. మెట్లు ఉన్నాయనుకుని కాలు వేస్తే అక్కడ ఏమీ లేనట్టయింది. "ఎవరు?" అని అడిగింది. భవితకీ తెలియదు. మర్నాటినుంచి మళ్ళీ గోడవైపు తిరిగింది. మంచినీళ్ళు అడగబోయి 'పడవ' అంది.

భవిత భయపడిపోయి డాక్టర్ జాన్సన్‌కి ఫోన్ చేసింది. "అలసిపోతే అలా అవుతుందమ్మా. వెనక్కి పోలేదు. ఆమెకి వచ్చినచోట మళ్ళీ మొదలుపెట్టండి" అన్నాడాయన.

భవిత మళ్ళీ మొదలుపెట్టింది. కొత్తవి పక్కన పెట్టి, అత్తగారు మొదటిసారి 'వీడే' అన్న కాంపౌండరు ఎపిసోడే పెట్టింది. దుమ్ము ఊదారు. తాగుబోతు తిట్లు తిన్నాడు. కాఫీ వచ్చింది. మాణిక్యం మెల్లిగా ఇటు తిరిగింది.

"వీడే" అంది. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే, "మందు... మార్చాడు" అంది.

ఆ ఎపిసోడ్ కింద కూడా కామెంట్లున్నాయి. భవిత పైకి చదివి వినిపించింది. 'బోర్.' 'మొదటి నిమిషంలోనే చెప్పేశాను.' 'ఇది చూసేవాళ్ళకి పనీపాటా ఉండదు.' అది విని మాణిక్యం మూతి బిగించింది.

"నేను... చెప్తా. రాయి" అంది.

ఒక మాట, కాసేపు ఆగడం, ఇంకో మాట. కాంతారావు, రాజకుమారి కదలకుండా కూచున్నారు. భవిత ఒక్క మాట కూడా తనది చేర్చకుండా టైపు చేసింది. 'నా పేరు మాణిక్యం. చేపలు అమ్ముతాను. నాకు మాట పోయింది. మీరు ఒకటే కథ చెప్పారు. అందుకని నాకు తెలిసింది. తెలిసింది కాబట్టి చెప్పాను. మీకు దణ్ణం. మార్చకండి.'

ఛానెల్ వాళ్ళు దానికి బదులివ్వలేదు. పాత పద్ధతికీ మారలేదు, కథలు కొత్త పద్ధతిలోనే పోతున్నాయి. కాని ఎక్కడెక్కడివాళ్ళో కింద రాశారు. ఘంటసాల నుంచి ఒకాయన, తన తండ్రికి కూడా మాట పడిపోయిందని, ఈ రోజే పాతవి పెడతానని రాశాడు. బోర్ అన్న మనిషే 'అమ్మా, సారీ' అని పెట్టాడు. భవిత చదువుతుంటే మాణిక్యం, "సారీ ఎందుకు... బోరే కదా" అంది. అందరూ పగలబడి నవ్వారు.

ఆ కేక మళ్ళీ రాలేదు. అంత గొంతు రాకపోవచ్చని డాక్టరు కూడా అన్నాడు. ఎండలు తగ్గాక మాణిక్యం గూడూరు వెళ్ళడం మొదలుపెట్టింది. ఇప్పుడు కేక రాజకుమారి వేస్తుంది. మాణిక్యం తట్ట వెనక కూచుని ఎడమచేత్తో తూకం వేస్తుంది, కుడిచేత్తో సంచి మూతి పట్టుకుంటుంది. బేరమాడేవాళ్ళకి నాలుగు మాటలకి బదులు ఒకటే మాట చెబుతుంది, అదీ కాస్త ఆలస్యంగా. జనం ఆగుతున్నారు. ఆమె నోటివైపు చూస్తూ, తొందరపెట్టకుండా ఆగుతున్నారు. ఇంతమంది తనకోసం ఆగగలరని ఆమెకి ఇదివరకు తెలియదు. వాళ్ళు ఆగే వ్యవధి ఆమె ఎప్పుడూ ఇవ్వలేదు మరి.

మధ్యాహ్నం ఇంటికి చేరేసరికి భవిత రొయ్యలు వొలుస్తూ ఉంటుంది. మాణిక్యం కాళ్ళు కడుక్కుని వచ్చి ఎదురుగా పీట వేసుకుని, వచ్చిన చేత్తో వచ్చినన్ని వొలుస్తుంది. పక్కన చెంబుకి ఆనించిన ఫోనులో ఎవరో ఆఫీసరుకి కాఫీ ఇస్తుంటారు.

"ఎవరత్తయ్యా?" అంటుంది భవిత, తలెత్తకుండానే.

"ఉండవే" అంటుంది మాణిక్యం. "తాగనీ... కాఫీ."