అత్త చేతికి రాని రొట్టె

మొన్న ఆదివారం హన్మకొండలో మా క్రైస్తవ మందిరం గుమ్మం దగ్గర ఒక అమ్మాయి నవ్వుతూ నా చేతిలో చిన్న ప్లాస్టిక్ కప్పు పెట్టింది. పైన రేకు పొర, దాని కింద బిళ్ళంత రొట్టె, అడుగున గుక్కెడు ద్రాక్షారసం. కరోనా నాటి నుంచి మాకు ప్రభువు బల్ల, అంటే ప్రభువు శరీరమూ రక్తమూ అని పుచ్చుకునే ఈ రొట్టె, రసం, ఇలా మూత బిగించుకుని వస్తోంది. నువ్వెవరు, నీ మనసు సరిగా ఉందా అని అడిగేవాళ్ళు లేరు, వచ్చినవాళ్ళ చేతుల్లో పెట్టేస్తారు. అది పట్టుకుని కూర్చున్నానే గాని రేకు తీయబుద్ధి కాలేదు, మా మేనత్త గుర్తొచ్చింది. బల్లకు దూరం పెట్టడమంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు తెలియదు గనుక నా ఈడు వాళ్ళతోనే చెప్పుకుంటున్నాను.

నేను కాలేజీ చదువుకు వచ్చి అత్త ఇంట్లో ఉన్న రోజులవి. మామ వరంగల్‌లో ఒక బియ్యం మిల్లులో పనిచేసేవాడు, చీకటి పడితే తాగి వచ్చేవాడు. నేను రాకముందే ఒకసారి కూర చల్లారిందని రోకలి తీసి అత్త కుడి మోచేతి మీద వేశాడట. దవాఖానకు పోతే పరువు పోతుందని ఇంట్లోనే పసరు కట్టు కట్టించారు, ఎముక వంకరగా అతుక్కుంది, ఆ చెయ్యి మళ్ళీ చాపడానికి రాలేదు. ఆ చేత్తోనే అత్త వండింది, ఉతికింది, గల్లీలో ఎవరింట్లో బాలింత ఉన్నా ఏ దేవునికి మొక్కుతారని అడగకుండా పథ్యం వండి పట్టుకుపోయింది. మందిరంలో మాత్రం ఆమె పేరు ఎత్తినవాళ్ళు లేరు, చెప్పుకోవడానికి ఆమె దగ్గర గొప్ప పాపం ఏదీ లేదు మరి.

ఒక ఎండాకాలం ఉజ్జీవ సభల్లో మామ భోరుమని ఏడ్చి, మోకాళ్ళ మీద పడి రక్షణ పొందాడు. ఉన్న మాట చెప్పాలి, ఆనాటి నుంచి ఆయన సీసా ముట్టలేదు, అత్త మీద చెయ్యెత్తలేదు. కాని మందిరంలో నిలబడి తన పాత పాపం ఏకరువు పెడుతూ సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో మాకు సాక్ష్యమంటే సినిమా కన్నా ఎక్కువ, పాపం ఎంత పెద్దదైతే జనం అంత కదలకుండా వినేవాళ్ళు. రోకలి ఎత్తిన తీరూ, ఎముక విరిగిన చప్పుడూ పూసగుచ్చినట్టు చెప్పి, చివర ఆడవాళ్ళ వైపు తిరిగేవాడు. “లేసి నిలబడు. ఆ చెయ్యి అందరికి సూపియ్యి, దేవుడు నన్నెట్ల మార్చిండో సూత్తరు.” అత్త లేచేది, కొడవలిలా వంగిన చెయ్యి ఎత్తేది, మందిరమంతా స్తోత్రమని ఒక్క గొంతుతో అరిచేది. ఇతర సంఘాల వాళ్ళూ పిలవడం మొదలుపెట్టారు, ఏటూరునాగారం దాకా బస్సులో తీసుకుపోయి అక్కడా ఆమె చెయ్యి చూపించి వచ్చాడు.

అత్త కోరిందల్లా ఒక్కటే, నలుగురిలో కాకుండా వంటింట్లో నిలబడి మామ తప్పయిందని తనతో ఒక్క మాట అనాలని. జొన్నరొట్టెలు చేస్తూ ఒకనాడు నాతో బయటపడింది. “ఊరందరికి చెప్తాండు బిడ్డా, నాకే చెప్తలేడు.” నాది ఉడుకు రక్తం, పోయి మామనే అడిగేశాను. ఆయన కోప్పడలేదు, నవ్వాడు. “అడగాల్సినోన్ని అడిగిన, ఆయన మాఫ్ చేసిండు. ఇంక ఆమెనెందుకు అడుగుడు?” అన్నాడు. ఆ నవ్వును నేను ఇవాళ్టికీ క్షమించలేదు.

ఆయనను సంఘ పెద్దగా నిలబెట్టిన ఆదివారం కూడా అలవాటు ప్రకారం అత్తను లెమ్మన్నాడు. అత్త లేచింది, చెయ్యి మాత్రం ఎత్తలేదు. “దేవుడు మాఫ్ చేసిండంటాండు, మంచిదే. ఇరిగిన చెయ్యి నాది. నన్నెవ్వలడుగలే, నేను మాఫ్ చెయ్యలే.” మందిరం గతుక్కుమంది, పాస్టరు అయ్యగారు గబగబా పాట ఎత్తుకున్నారు. ఆ తర్వాత ప్రసంగంలో, మంచి పనులు కుప్పలు పోసినా పరలోకం దొరకదని, నమ్మకమే రక్షిస్తుందని, క్షమించని గుండెలో నమ్మకం లేనట్టేనని తేల్చి, మనసు మారేదాకా అత్తకు బల్ల లేదన్నారు. బాలింతలకు వండిపెట్టిన వంట ఆ ప్రసంగంలో ఎక్కడా రాలేదు.

రొట్టె పళ్ళెం పట్టుకుని వరుసల మధ్య తిరిగేది కొత్త పెద్దే, అంటే మామే. బల్ల ఉన్న ప్రతి ఆదివారమూ అత్త దగ్గరకు వచ్చేసరికి పళ్ళెం కాస్త పైకెత్తి పక్కామెకు అందించి సాగిపోయేవాడు. ఆ మధ్యాహ్నమే ఇంటికి వచ్చి పీట వేసుకుంటే అత్త ఆ వంకర చేత్తోనే అన్నం పెట్టేది, మారు అడిగితే మారు వేసేది. ఎందుకత్తా ఈ చాకిరీ అని నేను విసుక్కుంటే, “ఆకలైనోనికి పెట్టుడు, నాకు తెల్సిన భక్తి గిదే బిడ్డా” అనేది. నాకు ఒళ్ళు మండేది.

నా పెళ్ళయిన చాలా ఏళ్ళకు అత్త పోయింది. శవపెట్టెలో ఆమె చేతులు గుండె మీదికి మడిచిన ఆడవాళ్ళకు ఒక చెయ్యి మడిచే పని తప్పింది. మామ పెట్టె పక్కన నిలబడి చివరి సాక్ష్యం చెప్పాడు. భార్య కఠిన హృదయాన్ని ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాననీ, ఇవాళ మనసారా క్షమిస్తున్నాననీ కళ్ళు తుడుచుకున్నాడు. జనం స్తోత్రం అన్నారు, కొందరు ఏడ్చారు కూడా.

ఇప్పుడు మందిరానికి ఏసీలు వచ్చాయి, గోడ మీద పాలరాతి పలక వచ్చింది, దాని మీద, అత్త తర్వాత కొన్నేళ్ళకు పోయిన మామ పేరుంది. నమ్మకం గొప్పదా, నడత గొప్పదా అని పిల్లలు మైకు పెట్టి వాదించుకుంటారు. నన్నెవరూ అడగరు గాని, నేను చూసిన నమ్మకం ఊళ్ళన్నీ తిరిగింది, వంటింటి గడప మాత్రం దాటలేదు.

మొన్న వచ్చేటప్పుడు ఆ అమ్మాయిని ఇంకో కప్పు అడిగాను, ఎవరికని కూడా అడగకుండా ఇచ్చింది. అత్త ఉంటే ఆ చేత్తో రేకు తీయడం కష్టమయ్యేది, నేనే తీసి ఇవ్వాల్సి వచ్చేది. రొట్టె ఇంత సులువుగా దొరికే రోజులొచ్చాయి. ఆ ఒక్క మాట అనవలసిన నోరూ, వినవలసిన చెవులూ మాత్రం మట్టిలో పక్కపక్కనే ఉన్నాయి.