నా బరువుకు తగిన ఫిన్నులు

సర్ఫింగ్ బోర్డు అడుగున, తోక వైపు మూడు ఫిన్నులుంటాయి. చేప రెక్కల్లాంటివి. అవి లేకపోతే బోర్డు నీటి మీద ఎటు పడితే అటు జారిపోతుంది. ఏ సైజువి పెట్టుకోవాలో నాకు నేర్పింది కోచ్ అనుకుంటారు అందరూ. కాదు, మా మామ, అంటే మా ఆయన నాన్న. ఆయన జన్మలో బోర్డు ఎక్కలేదు. రెండేళ్ల పాటు నా బోర్డు వంక చూడను కూడా లేదు.

మాది సోంపేట దగ్గర సముద్రపొడ్డున ఉన్న చేపలవాళ్ల ఊరు. మా ఆయన ఏడాదిలో పది నెలలు గుజరాత్‌లో, వేరేవాళ్ల బోట్ల మీద ఉంటాడు. మా పాపకు మూడేళ్లు. నాన్నంటే ఫోనులో ఉండే మనిషనుకుంటుంది. మా ఊరి ఆడవాళ్లు చేపలు అమ్ముతారు, ఎండబెడతారు, వలల చిరుగులు కుడతారు, కానీ తెప్ప ఎక్కరు. అలాంటి చోట నేను, విశాఖ నుంచి వచ్చే కోచ్ ఇచ్చిన పాత బోర్డు పట్టుకుని కెరటాల్లోకి దిగాను. మామ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆయన తిట్టు.

కిందటి శీతాకాలం కోచ్ ఒక మాటిచ్చాడు. విశాఖ పోటీలో ఆడవాళ్ల ఫైనల్‌కు చేరితే, మా తీరంలో పెట్టబోయే శిక్షణ కేంద్రంలో నన్ను టీచరుగా తీసుకుంటాడట. నెలనెలా జీతం. అదే వస్తే మా ఆయన గుజరాత్ వెళ్లక్కర్లేదు. నాకు పతకం మీద ఆశ లేదు, మనిషి ఇంట్లో ఉంటే చాలు.

అంత అవసరంలో ఉన్నదాన్ని కదా, అన్నీ పెద్దవే ఎంచుకున్నాను. కోచ్ తన సామాన్ల పెట్టె నాకప్పగించి, నచ్చినవి వాడుకోమని చెప్పి రెండు వారాలు విశాఖ వెళ్లాడు. మూడు సైజుల ఫిన్నుల్లో అన్నిటికంటే పెద్దవి బిగించాను. నీళ్లలో చలి ఆగడానికి తొడుక్కునే వెట్‌సూట్లు రెండుంటే, చేతుల్లేని పల్చటిది పక్కన పడేసి, మెడ నుంచి మడమల దాకా ఉన్న మందపాటిది తీశాను. జనవరి చలి కదా అనుకున్నాను.

ఆ రబ్బరు సూటు నా మోకాళ్ల దాకా వచ్చి ఆగిపోయింది. కొబ్బరితోటల మా ఉద్దానంలో ఆడదానికి ఏది బిగుసుకున్నా మందు ఒక్కటే, కొబ్బరినూనె. గాజులకూ అదే, తలుపు గడియకూ అదే. ఒళ్లంతా దండిగా పట్టించి సూటులో దూరాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నీళ్లలో దిగాక తెలిసింది నా తెలివి. నూనె కారి బోర్డంతా అయింది. కాళ్లు జారకుండా రాసిన మైనం కూడా జిడ్డుతేలింది. లేచి నిలబడటం, జారిపడటం. సూటు మందానికి భుజాలు లేవవు, నాలుగు బారలు ఈదేసరికి లోపల చెమట. నిలబడిన ఒకటి రెండుసార్లూ బోర్డు గాడిలో పడ్డ బండిలా నేరుగా ఒడ్డుకే పోయింది. పోటీలో మార్కులు వచ్చేది కెరటం వెంబడి తిరిగితేనే. మూడోరోజు ఇసుకలో కూర్చుని ఏడ్చేశాను.

మామ అక్కడే పడవ నీడన వల కుట్టుకుంటున్నాడు. లేచి వచ్చి బోర్డు బోర్లా తిప్పాడు. ఫిన్నును వేలితో వంచి చూశాడు.

"నీ బరువెంత, నీకు ఇంత సుక్కానేటి?" అన్నాడు. తర్వాత నా చెయ్యి వాసన చూశాడు. "నూనెట్టుకుని సముద్రంలోకి ఎవులెల్తారమ్మా?"

రెండేళ్లలో నా సముద్రం గురించి ఆయన మాట్లాడిన మొదటి మాటలవి.

తెప్ప తేలికగా ఉన్నప్పుడు పెద్ద చుక్కాని నీటిని పట్టేసుకుని తిరగనివ్వదని వివరించాడు. చిన్న ఫిన్నులు పెట్టాం. మర్నాడు బోర్డు తిరిగింది, కానీ పెద్ద కెరటం మీద తోక జారింది. ఆయన ఒడ్డు నుంచే పసిగట్టి, పక్కవి రెండూ చిన్నవే ఉంచి మధ్యదానికి మాత్రం ఒక సైజు పెంచమన్నాడు. మందపాటి సూటును కుంకుడురసంలో రెండుసార్లు స్వయంగా నానబెట్టి ఉతికాడు. నూనెకు అతుకులు అప్పటికే వదిలేశాయి, అది దక్కలేదు. పల్చటిది తొడుక్కోమన్నాడు. చలి గాలిలోనే గానీ నీళ్లలో లేదని, ఒంటిపొర లుంగీతో వేకువన సముద్రంలోకి వెళ్లిన మనిషి చెబితే కాదనేదెవరు? నిజంగానే నా చేతులు తేలికయ్యాయి.

పోటీ దాకా రోజూ ఒడ్డున కూర్చుని, మంచి కెరటం వస్తోందంటే తువ్వాలు పైకెత్తేవాడు. ఊళ్లో నలుగురూ నవ్వారు. ఆయన తువ్వాలు దించలేదు. ఆ మనిషికి నేను ఎంత రుణపడ్డానో ఇప్పటిదాకా నోరు తెరిచి చెప్పలేదు. ఇక్కడ చెప్పుకుంటున్నాను.

ఫైనల్‌కు చేరాను. అందులో నలుగురం, నాది నాలుగో స్థానం. కోచ్ పాడైపోయిన సూటు గురించి చీవాట్లు పెట్టి మరీ ఉద్యోగం ఇచ్చాడు.

ఇంటికొచ్చి ఆ సంగతి మా ఆయనకు ఫోనులో చెప్పాను. సంతోషించాడు గానీ, పెళ్లాం సంపాదన తింటూ కూర్చున్నాడంటారని నసిగాడు. పక్కనే ఉన్న మామ ఫోను లాక్కున్నాడు.

"నాను నీ సిన్నతనం సూడలేదురా. పారాదీప్ బోట్ల మీదే ఉండిపోనాను. నువ్వు నీ పిల్లదైనా సూడు."

ఫోను నా చేతిలో పెట్టి బయటికి వెళ్లిపోయాడు. అవతలి నుంచి మా ఆయన ఒక్కటే అడిగాడు, పలాసలో రైలు దిగితే పాప తనను గుర్తుపడుతుందా అని.