పదకొండిళ్ళ కందిపప్పు

ఆ రోజుల్లో బదిలీ అంటే మనిషితోపాటు వంటిల్లు కూడా బదిలీ కావడమే. ఉద్యోగంలో చేరిన రెండో ఏడే నన్ను యానాం నుంచి పుదుచ్చేరికి పంపితే, మా పెద్దమ్మ (అమ్మకు అక్క, నాకు అమ్మ కంటే ఎక్కువ) తన ఇత్తడి గిన్నె ఒళ్ళో పెట్టుకుని, "పెళ్ళికాని పిల్లవి, ఒక్కర్తివీ ఆ అరవ ఊళ్ళో ఏం తింటావే? నేనూ వస్తాను" అని తేల్చేసింది. నాది నీళ్ళను పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగం. సీసాల్లో వచ్చిన నీళ్ళలో మందు చుక్కలు వేసి, ఎరుపు నీలంగా మారేదాకా చూసి, ఆ నీళ్ళు ఎంత కఠినమో రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం ఎంత వయ్యారంగా పెట్టేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఇరవైమూడేళ్ళ వయసులో నాకు తెలియనిదేదైనా ఉంటే దాన్ని ఇంకా ఎవరూ కనిపెట్టలేదనే నా నమ్మకం.

మేం అద్దెకు దిగింది ఊరికి పడమట కొత్తగా కట్టిన కాలనీలో. మొత్తం పదకొండిళ్ళు, అందరూ మాలాగే ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొత్తగా దిగినవాళ్ళు. మధ్యలో ఒక బోరు, దాని మీద ఒక ట్యాంకు. మలుపులో శెట్టిగారి కొట్టు. వాళ్ళది తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కాని చదవడం రాదు. మేం తెలుగువాళ్ళమని తెలియగానే ఆయన మొహం ఎంత విచ్చుకుందో! పెద్దమ్మకు పప్పు తూచి ఇస్తూ, "బజార్లో మా అన్నలది పెద్ద అంగడి అక్కా. నేను వేరుపడి ఈడ పెట్టుకున్నా. ఇది నిలబడకపోతే మళ్ళా యాడికి పోను? వాళ్ళకాడ పొట్లాలు కట్టుకుంటా కూర్చోవాల్సిందే" అని మొదటిరోజే చెప్పుకున్నాడు.

ఆ పప్పు ఉడకలేదు. గంటసేపు పొయ్యి మీద ఉన్నా బద్ద బద్దగానే ఉండి, పెద్దమ్మ గరిటె కింద అటూ ఇటూ జారిపోయింది. (కుక్కర్ కొందామంటే, అది ఈల వేస్తే తనకు గుండెదడ అని ఒప్పుకోలేదు.) మర్నాడు ముందుగా నానబెట్టింది, అయినా అంతే. వారం తిరిగేసరికి గిన్నె దించి, గోడకానుకుని కూర్చుని, "నలభయ్యేళ్ళుగా వండుతున్నానే, నా చేతికేవైందే?" అంది. ఆ గొంతు వినగానే తప్పు శెట్టిగారి పప్పుదేనని తేల్చేశాను. నిజానికి పెద్దమ్మ అప్పటికి వారం రోజులుగా ఏదో ఒకటి చెబుతూనే ఉంది. సబ్బు నురగ రావడం లేదంటే సబ్బు మంచిది కాదన్నాను. కాగు అడుగున సున్నంలా తెల్లగా కడుతోందంటే సరిగ్గా తోమలేదన్నాను. జుట్టు పీచులా అయిపోతోందంటే వయసు వల్ల అన్నాను. దానికి మాత్రం రెండ్రోజులు నా జడ నన్నే వేసుకోమంది.

ఉడకని పప్పు పళ్ళెంలో వేసుకుని, సాయంత్రం నలుగురూ సరుకులు కొనే వేళ చూసి మరీ కొట్టుకు వెళ్ళాను. "ఎన్నేళ్ళ నాటి సరుకండీ ఇది? నేను ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, నాకు తెలీదనుకుంటున్నారా?" అని నిలదీశాను.

"ఏందమ్మా ఇట్టంటారు? కొత్త సరుకు, మొన్ననే వచ్చింది. కావాలంటే మూట చూపిస్తా రండి" అని ఆయన లేచి నిలబడ్డాడు.

నేను మూట చూడలేదు. చుట్టూ ఉన్నవాళ్ళకు నా అరకొర తమిళంలో అదే మాట ఇంకోసారి చెప్పాను. అంతే, ఒకావిడ "మా ఇంట్లో కూడా ఉడకడం లేదు" అంది. ఇంకొకావిడ "నేను నా వంటే బాగాలేదనుకుని ఎవరికీ చెప్పలేదు" అంది. రెండ్రోజుల్లో లెక్క తేలింది, పదకొండిళ్ళలోనూ ఉడకడం లేదు. పదకొండిళ్ళలో ఒకే కొట్టు పప్పు ఉడకలేదంటే ఇంక రుజువెందుకు? పదకొండిళ్ళకూ ఒకే ట్యాంకు అన్న సంగతి, నీళ్ళ ఉద్యోగం చేస్తున్న నాకు మాత్రం తట్టలేదు. జనం పక్కవీధి కొట్టుకు పోవడం మొదలుపెట్టారు. ఆ పప్పూ ఉడకలేదు. దానికీ నా దగ్గర సమాధానం ఉంది: ఆ కొట్టుకు సరుకు వేసేది శెట్టిగారి అన్నలే అయ్యుంటారు! ఇలా ఆయన పేరూ, ఆయన అన్నల పేరూ కలిపి పాడుచేశాను. ల్యాబ్ అమ్మ చెప్పిందంటే అబద్ధం ఎందుకవుతుందని అందరూ నమ్మారు. ప్రయోగశాల అన్న మాటకు అంత విలువుండేది.

ఆదివారం పొద్దున్న శెట్టిగారు క్యారియరు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. నావైపు చూడకుండా పెద్దమ్మతో, "అక్కా, అదే మూటలోది మా అమ్మ వండింది. ఒక్క ముద్ద తినండి" అన్నాడు. పెద్దమ్మ వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. వెన్నలా ఉంది. ఇది వేరే పప్పు అయ్యుంటుందని నేనింకా గొణుగుతున్నాను. పెద్దమ్మ నన్ను పట్టించుకోకుండా, "మీ ఇంట్లో నీళ్ళెక్కడివి నాయనా?" అని అడిగింది.

"బజార్లో కొళాయి నీళ్ళక్కా. ఈడ నీళ్ళు నా నోటికి పట్టవు. తాగేదానికి దినమూ ఇంటికాడ నుంచి బిందె తెచ్చుకుంటా, సైకిల్ మీద."

"ఆ బిందె ఇలా పట్రా."

పెద్దమ్మ మా ఇంట్లోని ఆ దిక్కుమాలిన పప్పునే, ఆయన తెచ్చిన నీళ్ళతో పొయ్యి మీద పెట్టింది. ముగ్గురం పొయ్యి ముందు పురిటిగది బయట కూర్చున్నట్టు కూర్చున్నాం. కాసేపటికి పొంగు వచ్చింది, ఇంకాసేపటికి గరిటె తగలగానే పప్పు మెత్తగా విడిపోయింది. "నా చేతికేం కాలేదే!" అని పెద్దమ్మ అరిచిన అరుపు పక్కింటికి వినపడింది. శెట్టిగారు తుండుతో కళ్ళు తుడుచుకున్నాడు. నాకప్పుడు గుర్తొచ్చింది, డిగ్రీ పరీక్షలో నేను రాసిన జవాబు: 'కఠిన జలములో సబ్బు నురగనివ్వదు, పాత్రల అడుగున తెల్లని పొర ఏర్పడును, పప్పు ఉడకదు.' పూర్తి మార్కులు వేశారు. సోమవారం రిజిస్టరు తిరగేస్తే, నేను పుదుచ్చేరిలో చేరిన మొదటివారమే మా కాలనీ ట్యాంకు సీసా వచ్చి ఉంది. పక్కన 'మిక్కిలి కఠినం' అని, కింద రెండు గీతలు, వాటి కింద వయ్యారాల సంతకం.

ఆ సాయంత్రం ఎవరూ లేని వేళ చూసి కొట్టుకు వెళ్ళాను. (నిందవేసేటప్పుడు జనం ఉన్న వేళ, క్షమాపణకు లేని వేళ. ఎంత తెలివో చూడండి.) తప్పయిపోయిందండీ అన్నాను. ఆయన కోప్పడలేదు. "నాకెందుకు చెప్తారమ్మా? నా పప్పు మంచిదని నాకు తెలుసు కదా. మీరు ఎవరికి చెప్పినారో వాళ్ళకి చెప్పండి" అన్నాడు.

మర్నాడు పది గడపలూ ఎక్కాను. నింద వెయ్యడానికి సరిపోయిన తమిళం క్షమాపణకు సరిపోలేదు. తప్పు నీళ్ళది అంటే, "నీళ్ళే తప్పయితే నువ్వేం చేస్తావులే" అని ఓదార్చారు. కాదు, తప్పు నాది అని చెప్పడానికి చేతులు, మొహం, ఇంటి నుంచి తీసుకెళ్ళిన మెత్తటి పప్పు గిన్నె అన్నీ వాడాల్సివచ్చింది. పెద్దమ్మ వెనకే వచ్చి, ఆ నీళ్ళతోనే పప్పు ఉడకాలంటే చిటికెడు వంటసోడా ఎలా వెయ్యాలో సైగలతో నేర్పింది. తొమ్మిదిళ్ళవాళ్ళు నవ్వేసి మళ్ళీ శెట్టిగారి కొట్టుకే వెళ్ళారు. కొట్టు నిలబడింది. చివరి ఇంటి పెద్దావిడ (అరవవాళ్ళ పద్ధతిలో అందరూ మామి అనేవారు) మాత్రం నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "ఆరోజూ నువ్వే చెప్పావు, ఈరోజూ నువ్వే చెబుతున్నావు. నేను దేన్ని నమ్మను?" అంది. ఆవిడ సంచి పట్టుకుని ఎండలో పక్కవీధికి నడిచి వెళ్ళడం, శెట్టిగారు తల వంచుకుని తక్కెడ సర్దుకోవడం నేను మళ్ళీ బదిలీ అయ్యేదాకా చూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను. కూర ఎలా ఉందని అడిగితే, ఇంకో ముద్ద తిని చెబుతానంటాను. మనవరాలు విసుక్కుంటుంది, "అమ్మమ్మా, నీకు ఒక్క విషయమైనా గట్టిగా చెప్పడం రాదా?" అని. వచ్చు తల్లీ, ఒకప్పుడు బ్రహ్మాండంగా వచ్చు. పప్పు పళ్ళెం పట్టుకుని, చెంగు బొడ్లో దోపుకుని కొట్టు ముందు నిలబడ్డ ఆ పిల్లంటే నాకిప్పటికీ ముద్దే. కాని ఆ మామి ఇవాళ ఎదురై దేన్ని నమ్మమంటావని మళ్ళీ అడిగితే, ముందు ఆ మూట ఒకసారి చూసొద్దాం పదండి అని మాత్రం అంటాను.