రెండు చోట్ల ఒకే పరీక్ష

పిల్లలతో ఆడుకోవడానికి కూడా జీతమిస్తారా అని హేమలతను వాళ్లమ్మ ఆటపట్టిస్తుండేది. మదనపల్లెలో పుట్టి, ఫిజియోథెరపీ చదివి, బెంగళూరు యలహంకలో స్థిరపడిన మనిషి హేమలత. నిరుడు ఒక పరిశోధనలో చేరింది. ఐదేళ్ల పిల్లలు ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడతారో, గళ్ల మధ్య పెన్సిలుతో ఎంత నేరుగా గీస్తారో చూసి, ఆ మార్కులను వేరే దేశపు పిల్లల సగటుతో పోల్చాలి.

మొదట ఒక ప్రైవేటు స్కూలుకు వెళ్లింది. అక్కడి పిల్లలు గీతలు చక్కగా గీశారు గానీ, ఒంటికాలి మీద నిలబడమంటే ఒకరిమీద ఒకరు పడి నవ్వుకున్నారు. తర్వాత కూలీల షెడ్ల దగ్గరున్న అంగన్‌వాడీలో పిల్లలు కొంగల్లా నిలబడ్డారు. గీతల దగ్గర మాత్రం తేలిపోయారు. అందరికన్నా తక్కువ మార్కులు మౌనికవి. ఆ సగటుల పట్టిక ప్రకారం ఆ పిల్ల ‘వెనకబడింది’. తల్లికి చెప్పాలన్నది నియమం కాబట్టి హేమలత చెప్పింది.

తల్లి సుంకమ్మ అనంతపురం వైపు నుంచి వచ్చి ఇటుకలు మోస్తోంది. మర్నాడు పని మానుకుని, మౌనికను చంకనేసుకుని వచ్చింది.

“నా బిడ్డ చేతుల్లో ఏమన్నా లోపం ఉండాదా మేడం?”

హేమలత మౌనిక చేతులు పట్టుకుని చూసింది. ఇంట్లో పెన్సిలు పట్టుకుంటుందా అని అడిగింది. పరీక్ష రోజే మొదటిసారి పట్టుకుందట.

“లోపమేం లేదక్కా. అలవాటు లేదు, అంతే. నేను రాయిస్తా.”

పై అధికారి వెంకటేశ్వర్లు గారి దగ్గరికి వెళ్లి, రెండు చోట్లా పిల్లలకు కొంత సాధన చేయించి మళ్లీ పరీక్ష పెడదామంది. పని ఆలస్యమవుతుందని ఆయన కాసేపు గొణిగి, చివరికి సరేనన్నారు. అంగన్‌వాడీకి పెన్సిళ్లు, సుద్దముక్కలు వచ్చాయి. స్కూల్లో హేమలతే తొక్కుడుబిళ్ల గళ్లు గీసి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని గెంతింది. పిల్లలు ఆమె వెనక వరసకట్టారు.

రెండోసారి పరీక్షలో ఆ చోటికీ ఈ చోటికీ పెద్దగా తేడా లేదు. మౌనిక గీత ఒక్కచోటే వంకరపోయింది. నివేదికలో ‘వెనకబడిన’ అన్న మాట కొట్టేయించి, పోల్చేముందు ఆ పని చేసే వీలు పిల్లలకు ఉందో లేదో చూడాలని హేమలత రాసింది.

ఆ సంగతి చెబుదామని వెళ్తే సుంకమ్మ నవ్వుతూనే మొర పెట్టుకుంది. “షెడ్డు రేకులన్నీ గీసి పెట్టినాది మేడం. మేస్త్రీ తిడతా ఉండాడు. మీరే దానికి చెప్పండప్పా.”

హేమలత చెప్పడానికే వెళ్లింది. రేకు మీద మౌనిక గీసిన పెద్ద కోడిని చూసి, తనూ ఒక సుద్దముక్క అందుకుని పక్కన కూర్చుంది.