మూడు వేళ్ళ పగ

నా పగ పొడవు మూడు వేళ్ళు. కొలిచి మరీ చెబుతున్నాను. అందరూ పగను కడుపులో దాచుకుంటారు. నేను మాత్రం వసారా బండల సందులో, సున్నం కింద దాచాను.

మెదక్‌లో అప్పట్లో భూమి కొలత నేర్పే చిన్న సర్కారీ బడి ఒకటి ఉండేది. నిజాం కాలం కాబట్టి చదువంతా ఉర్దూలోనే. చదువుకోవడానికి వచ్చేవాళ్ళు పిల్లలు కారు, మీసాలు తిరిగిన మగవాళ్ళు. ఊళ్ళలో భూమి లెక్కలు రాసే ఇళ్ళవాళ్ళు కొందరు, ఏదో ఒక నౌకరీ దొరికితే చాలనుకునే నాలాంటివాళ్ళు కొందరు. నేర్పే మాస్టారు పట్నం నుంచి వచ్చిన కాయస్థుడు. ఇంట్లో దేవుడికి కూడా ఆయన ఉర్దూలోనే దండం పెట్టుకుంటాడని మేం నవ్వుకునేవాళ్ళం. గణితంలో ఆయనకు ఆయనే సాటి, ఆ మాట ఒప్పుకోక తప్పదు. తెలుగు మాట వినబడితే మాత్రం చెవిలో చీమ దూరినట్టు ముఖం పెట్టేవాడు.

పరీక్ష రోజు నన్ను పిలిచి, చేతిలో గొలుసు తప్ప ఇంకేమీ లేకుండా పొలంలో సరైన మూల ఎట్లా తీస్తావని అడిగాడు. అది నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పని. మా నాయన తాపీ మేస్త్రీ, పెద్ద చర్చి గోడల మీద పని చేసిన మనిషి. తాడుకు ముళ్ళు వేసి, మూడు, నాలుగు, ఐదు లెక్కన లాగిపట్టి మూల తీసేవాడు. నేను గొలుసుతో అదే చేశాను. వెంట్రుకవాసి తేడా రాలేదు. దీన్నేమంటారని ఆయన ఉర్దూలో అడిగాడు. ఉర్దూ మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. దాని బదులు ఇంట్లో మాట వచ్చేసింది. మూలమట్టం అన్నాను.

ఇది గోడలు కట్టే జాగా కాదు, శాస్త్రం చెప్పే జాగా అన్నాడు ఆయన. నేల మీది గొలుసు తీసి నా మెడలో వేశాడు. ముప్పైమూడు అడుగుల ఇనుప గొలుసు. గేటు దగ్గర ఎండలో నిలబడమన్నాడు. మధ్యాహ్నం మా నాయన సద్ది పట్టుకుని వచ్చాడు. నన్ను చూశాడు, మెడలో గొలుసును చూశాడు. సద్దిమూట గోడ మీద పెట్టి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. బతికినన్నాళ్ళూ మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. నాలుగు తిట్లు తిట్టినా నాకు బాగుండేది. కొడుకు మొద్దు అనుకునే పోయాడు.

మాస్టారు నన్ను పరీక్ష తప్పించాడు. సర్టిఫికెట్ రాలేదు. వేరే దిక్కులేక అదే బడిలో గొలుసు పట్టే పనికి చేరాను. దిక్కులేక అన్నది సగం నిజమే. ఆయన కళ్ళెదుటే ఉండాలని, ఏదో ఒకనాడు ఆయన తల కూడా వంగడం చూడాలని నాకు ఉండేది. ఆయన నన్ను ‘జరీబ్’ అని పిలిచేవాడు. ఉర్దూలో జరీబ్ అంటే కొలత గొలుసు. చదువుకునేవాళ్ళు గొలుసాయన అనేవాళ్ళు. పాఠం సగం నేనే చెప్పినా, పొలంలో వాళ్ళ తప్పులన్నీ నేనే దిద్దినా, సార్ అని ఒక్కడూ పిలవలేదు. ఆ పిలుపు కోసం నా ప్రాణం కొట్టుకునేది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

మా బడిలో ఒక పద్ధతి ఉండేది. ఇనుప గొలుసు వాడేకొద్దీ సాగుతుంది. అందుకని వసారా బండల సందులో, ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి, రెండు మేకులు దిగ్గొట్టి ఉండేవి. వాటి నడుమ సరిగ్గా ముప్పైమూడు అడుగులు. రోజూ పొద్దున పొలానికి పోయే ముందు గొలుసును ఆ మేకుల మధ్య పరిచి చూడాలి. సాగితే కడీలు, అంటే లంకెలు, బిగించాలి, కురచైతే వదులు చేయాలి. ఆ పని నాది. నేను చేశాక మాస్టారు గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి మళ్ళీ చూసేవాడు. చదువు ముగించుకుని ఊరికి పోయేవాళ్ళ గొలుసులు కూడా ఆ మేకుల మీదే సరిచూసి ఇచ్చేవాళ్ళం.

పోలీసు చర్య జరిగింది. తూప్రాన్ దిక్కు నుంచి మిలిటరీ లారీలు వచ్చాయి. కొన్నాళ్ళ దాకా బడి మూతపడింది. తెరిచాక పైనుంచి ఒక కాగితం వచ్చింది. ఇకమీదట పాఠం తెలుగులో చెప్పాలి. పాత మాస్టార్లకు కొంత గడువిచ్చి, ఆ తర్వాత తనిఖీ చేస్తారు. నిలబడ్డవాళ్ళు ఉంటారు, లేనివాళ్ళు ఇంటికి పోతారు. మాస్టారికి ఆ నౌకరీ తప్ప ఇంకో ఆధారం లేదు. ఆయనకు తెలుగు మాటలు నేర్పి, పాఠంలో సాయంగా నిలబడమని నన్ను పెట్టారు.

ఆ కాగితం చదివిన రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆ తర్వాత రెండు నెలలు నాకు పండగే. రోజూ ఆయన నా ముందు కూర్చుని హద్దు, గట్టు, వాలు, చెలక అని పలికేవాడు. ఆ మాటలు తెలుగులో రాయడం రాదు కాబట్టి నోట్‌బుక్కులో ఉర్దూ అక్షరాల్లో రాసుకునేవాడు. తప్పు పలికితే నేను మళ్ళీ మళ్ళీ అనిపించేవాణ్ణి. ఒక్కోసారి సరిగ్గా పలికినా ఇంకోసారి అనిపించేవాణ్ణి. ఆయన విసుక్కోలేదు. విసుక్కుంటే బాగుండునని నేను కాచుకుని ఉన్నాను.

ఒకనాడు త్రిభుజాల పాఠం వచ్చింది. సరైన మూలను తెలుగులో ఏమంటారని అడిగాడు. ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను. గుర్తొస్తుందేమోనని, కనీసం రెప్పయినా వాలుతుందేమోనని చూశాను. చివరికి మూలమట్టం అన్నాను. ఆయన రాసుకున్నాడు. రెండుసార్లు పలికి చూసుకుని, మంచి మాట, చాలా మంచి మాట అని ఉర్దూలో మెచ్చుకున్నాడు.

ఆయనకు గుర్తే లేదు. మా నాయన తల వంచుకుని పోయిన ఆ పూట ఈయనకు ఒక మామూలు పూట. నా ఒళ్ళు మండిపోయింది. అప్పటిదాకా నా పగకు కాళ్ళూ చేతులూ లేవు. ఆ రోజు వచ్చాయి.

భాషలో దెబ్బకొట్టడం తేలికే. రెండు తప్పుడు మాటలు నేర్పితే చాలు. కానీ అది నాకు సరిపోదు. ఆయన దేన్ని చూసి మురిసిపోతాడో అక్కడే పడగొట్టాలి. ఆదివారం పొద్దున, చర్చి గంటలు మోగుతున్నప్పుడు వసారాలో ఒక మేకు పీకాను. అదే సందులో మూడు వేళ్ళు అవతలికి జరిపి దిగ్గొట్టాను. గంటల మోతలో సుత్తి చప్పుడు కలిసిపోయింది. పాత గుంటను సున్నంతో పూడ్చి, పైన మట్టి రాశాను. బడి గొలుసును కొత్త దూరానికి సరిపెట్టాను. మర్నాడు మాస్టారు గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి చూసి, బాగుందని లేచాడు. నేను గోడవైపు తిరిగి నవ్వుకున్నాను.

పది రోజులకు తనిఖీ అధికారి వచ్చాడు. కోస్తా మనిషి. నా మాట విని, ఇదేం తెలుగయ్యా అని నవ్వాడు. అది వేరే సంగతి. మాస్టారు పాఠం మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే బాగా చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. గొలుసుతో మూల తీసి, “దీన్ని మూలమట్టం అంటరు,” అన్నాడు. అధికారి తలూపి భేష్ అన్నాడు. ఏ మాటకు నా మెడలో గొలుసు పడిందో అదే మాటకు ఆయనకు మెప్పు దక్కింది. నాకు అప్పటికి మిగిలిన జాలి ఏదన్నా ఉంటే అక్కడితో పోయింది.

తర్వాత అందరం రామాయంపేట దారిలో ఉన్న పొలానికి పోయాం. ఆ పొలాన్ని అధికారి ముందురోజే తన ఉక్కు టేపుతో కొలిపించి పెట్టుకున్నాడు. పొడవు సరిగ్గా ఇరవై గొలుసులు. మావాళ్ళు కొలిస్తే దాదాపు నాలుగడుగులు తక్కువ వచ్చింది. మళ్ళీ కొలిచారు. మళ్ళీ అంతే. అందరం బడికి తిరిగొచ్చాం. అధికారి తన టేపును వసారా మేకుల మధ్య పట్టించాడు. మేకుల దూరమే తప్పని తేలింది.

ఇవి ఎవరు చూస్తారని అడిగాడు అధికారి. నేను ఎదురుచూసిన ఘడియ అదే. మాస్టారు నా వైపు వేలు చూపిస్తాడు, నేను వినయంగా, సాబే రోజూ చూసి బాగుందంటాడండి అంటాను. ఆ జవాబు వారం రోజులుగా నాలో నేను అనుకుంటున్నాను.

మాస్టారు ఆ మేకు దగ్గర గొంతుకూర్చున్నాడు. వేలితో సందులో గీరాడు. మట్టి కింద తెల్లటి సున్నం కనబడింది. కాసేపు దాన్నే చూసి లేచాడు.

“నేనే చూస్త సాబ్. రోజు నేనే చూస్త. తప్పు నాదే,” అన్నాడు.

భాష రాకపోతే నేర్చుకోవచ్చు, కొలత తప్పినవాడితో ఏం చేస్తామని అధికారి కాగితం రాసేశాడు. మేకును టేపు ప్రకారం వెనక్కి కొట్టించి, బడి గొలుసును సరిచేయించి పోయాడు. నా పగ తీరింది. కానీ తల మాత్రం ఆయనది వంగలేదు. నోటిదాకా వచ్చిన నా జవాబును కూడా నేనే మింగాల్సి వచ్చింది. ఆ పూట కూడా ఆయన్నే గెలవనిచ్చానని పళ్ళు కొరుక్కున్నాను.

మూడోనాడు ఆయన భార్యతో పట్నం బస్సెక్కాడు. పెట్టె పట్టుకుని నేను పోయాను. సాయం చేయడానికి కాదు, పోవడం కళ్ళారా చూడటానికి. పెట్టె లోపల పెట్టాక ఆయన నన్ను పక్కకు పిలిచాడు. నేను నేర్పిన తెలుగులోనే మాట్లాడాడు.

“మేకు సంగతి నాకు తెల్సు. ఎందుకు చేసినవో నేను అడుగ. పోయిన వారం మూడు గొలుసులు గా మేకు మీద చూసి ఇచ్చినం. అవి ఊర్లకు పోయినయి. జర పోయి సరిచెయ్యి.”

ఎందుకు చేశావని అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. మా నాయన సద్దిమూట దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పేవాణ్ణి. అడగనే లేదు. నన్ను ఎండలో నిలబెట్టిన సంగతి ఆయనకు ఎప్పుడైనా గుర్తొచ్చిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ మూడు గొలుసుల ఊసే నాకు తట్టలేదు. తనిఖీకి ముందే చదువు ముగించుకుని వెళ్ళినవాళ్ళవి అవి. ఒకడు తూప్రాన్, ఒకడు రామాయంపేట, ఒకడు కుల్చారం. వాటిని మేకుల మీద పరిచి, సాగదీసి, చుట్టి చేతికిచ్చింది నేనే. మాస్టారి మీది కసిలో నాకు ఇంకేదీ కనబడలేదు.

ఇంతలో కొత్త మాస్టారు వచ్చేదాకా పాఠం నన్నే చెప్పమన్నారు. ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. కూర్చున్న మొదటి వారంలోనే సెలవు పెట్టి బయల్దేరాను. తూప్రాన్‌లో గొలుసు ఇంకా మూట విప్పలేదు. రామాయంపేటలోనూ అంతే. రెండూ సరిచేశాను, ఎందుకని ఎవరూ అడగలేదు.

కుల్చారంలో కొలత అయిపోయింది. ఊరి దొర గడబిడ రోజుల్లో పట్నం పారిపోయి, మిలిటరీ వెనకాల తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే హద్దులు తేల్చమన్నాడట. కాగితం ప్రకారం బావి నుంచి పదహారు గొలుసులు దొరది, ఆ అవతలిది ఒక ఒంటరి ఆడమనిషిది. ఆమె మొగుడు దళంలోకి పోయి తిరిగి రాలేదు. మా శిష్యుడు పదహారు గొలుసులు లాగి రాయి పాతించాడు. గొలుసుకు మూడు వేళ్ళ చొప్పున పదహారు గొలుసులకు మూడు అడుగులు. ఆ మూడు అడుగులు ఆమె చేనులోకి పోయాయి. రెండు సాళ్ళ కంది, పూతతో సహా, దొర వైపు నిలబడి ఉంది.

మళ్ళీ కొలుద్దామా అని శిష్యుణ్ణి అడిగాను. పంచనామా అయింది, వేలిముద్రలు పడ్డాయి, కారణం లేకుండా దొర ఒప్పుకోడు అన్నాడు. కారణం నా దగ్గర ఉంది. చెబితే కుర్చీ పోతుంది, జైలు కూడా ఉండొచ్చు. నేను రాయి దగ్గర నిలబడి ఉండగా ఆమె చేనులోంచి వచ్చింది. చేతిలో కొడవలి, కొంగుకు అంటిన మట్టి. కొలిచిన రోజున ఇది నా హద్దు కాదని మొత్తుకుందట. సర్కారు గొలుసు తప్పుతుందా అని నోరు మూయించారట.

“సారూ, మీరు మెదక్ల బడి నుంచి వచ్చిన్రంట గద. ఈ గొలుసు సక్కటిదేనా? మీరు సక్కటిదంటే నేనిగ ఊకుంట,” అంది.

నన్ను సారూ అని పిలిచిన మొదటి మనిషి ఆమె.

“సక్కటిదేనమ్మా,” అన్నాను.

ఆమె నన్ను ఒక్క క్షణం చూసి తలూపింది. రాయి దాటి తన వైపుకు పోయి, మూడో సాలు నుంచి గడ్డి కోయడం మొదలుపెట్టింది.